రాలిన ఆకుల అడవిలో కష్టమైన ఎంటీబీ (మౌంటెన్ బైక్) రైడ్: ఎలా వెళ్లాలి, ఎలా పడకుండా రావాలి

ఆకులు రాలే సీజన్‌లో అడవిలో మౌంటెన్ బైక్ అంటే ఫొటోలు చూసే సగం మంది ఫిదా అయిపోతారు, అటు పసుపు ఇటు ఎరుపు మధ్యలో సన్నటి దారి, నిజంగానే బావుంటుంది, కాదనను. కాకపోతే ఆ ఆకుల కింద ఏముందో ఫొటో తీసినోడికీ తెలీదు, తొక్కేవాడికీ తెలీదు. నేనైతే ఎండాకాలమంతా దిగిన దారే కదా అని అదే స్పీడ్‌లో దిగా, ఒక వంపులో ఆకుల కింద ఏటవాలుగా పడున్న వేరు మీద ముందు చక్రం సర్రున పక్కకి పోయింది, భుజం మీద పడ్డా, మూడు వారాలు ఎడం చెయ్యెత్తి చొక్కా వేసుకోవాలంటే ప్రాణం పోయేది. ఆ వేరేమీ కొత్తగా రాలేదు, ఎప్పట్నుంచో అక్కడే ఉంది, ఎండాకాలంలో కనపడేది కాబట్టి నాకు తెలీకుండానే తప్పించేవాణ్ణి, అంతే.

ఆ రోజు నుంచి నాకు ఒకటే రూల్: ఆకుల మీద ఉన్నంతసేపు ఏ పనీ పెట్టుకోవద్దు. బ్రేక్ కొట్టడం, హ్యాండిల్ తిప్పడం, గట్టిగా తొక్కడం, ఏదైనా సరే మట్టి కనపడే చోటే ముగించేసి, ఆకుల మీద నుంచి ఊరికే దొర్లుకుంటూ పోవాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ దారంతా ఆకులే ఉన్నప్పుడు ఇది చేయడానికి బోలెడు ప్రిపరేషన్ కావాలి.

ముందు టైర్లలో గాలి సంగతి, ఎందుకంటే సగం తేడా ఇక్కడే వస్తుంది. 70–75 కిలోల మనిషి 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లతో మామూలుగా ముందు 22, వెనక 25 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) దగ్గర తొక్కుతాడనుకోండి, తడి ఆకుల్లో ఇంకో రెండు తగ్గిస్తే టైరు కాస్త పరుచుకుని నేలని పట్టుకుంటుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఇంట్లో 20 డిగ్రీల వెచ్చదనంలో 25 కొట్టుకుని బయల్దేరతారు, అడవిలో 5 డిగ్రీలుంటే అదే టైరులో అది దాదాపు 23కి పడిపోతుంది, చల్లబడితే గాలి ప్రెషర్ తగ్గుతుంది కదా. అంటే మీరు ఇంట్లోనే రెండు తగ్గించుకుని వెళ్తే అక్కడికెళ్లేసరికి నాలుగు తగ్గినట్టు, మొదటి రాయికే రిమ్ము ఠంగుమంటుంది. అందుకని చిన్న గేజ్ జేబులో పెట్టుకెళ్లి దారి మొదట్లో పది నిమిషాలు ఆగి, టైరు చల్లబడ్డాక అక్కడ చూసుకోండి. ట్యూబులు వేసి తొక్కేవాళ్లు మాత్రం ఇంత తగ్గించొద్దు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సీలెంట్, అదే చిల్లులు పూడ్చడానికి ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం, అది కూడా ఒకసారి చూసుకోండి, అది కొన్ని నెలలకే ఎండిపోయి లోపల రబ్బరు ముద్దలా అయిపోతుంది, ఎండాకాలం మొదట్లో పోసి ఉంటే ఈపాటికి లేనట్టే లెక్క.

టైరు గుబ్బలు పొడుగ్గా, ఎడంఎడంగా ఉండాలి, ఆకుల పొరని చీల్చుకుని కింద మట్టిలో దిగేది అవే. చిన్నచిన్న గుబ్బలు దగ్గరదగ్గరగా ఉన్న స్పీడ్ టైరు అయితే రెండు నిమిషాల్లో సందుల్లో బురదా ఆకులూ కూరుకుపోయి నున్నటి గుండ్రాయిలా తయారవుతుంది. కొత్త టైరు ఒక్కటే కొనగలిగితే ముందుకి కొనండి, మెత్తటి రబ్బరుది. వెనక చక్రం జారితే తోక ఊగినట్టు ఊగుతుంది, సర్దుకోవచ్చు, ముందుది జారితే అనుకునేలోపే కింద ఉంటాం.

అదే లెక్క బ్రేకులకి కూడా. గట్టి నేల మీద మనల్ని ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే, కాబట్టి మట్టి కనపడే చోట రెండూ కలిపి ధైర్యంగా వాడండి, ఆకుల్లోకి ఎక్కే ముందే ముందుది వదిలేయండి. తప్పదనుకుంటే ఆకుల మీద వెనకది మాత్రం ఒక్క వేలితో సుతారంగా. ప్యాడ్‌ల సంగతి చూస్తే, ఆర్గానిక్ రకం తడి బురదలో వెన్నలా కరిగిపోతాయి, ఒక్క పొడుగాటి రైడ్‌లో సగం అరిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు, మెటల్ కలిసిన సింటర్డ్ రకం కీచుమని గోల చేస్తాయి గానీ ఎక్కువ కాలం నిలుస్తాయి. ప్యాడ్ మీద మెటీరియల్ ఒక మిల్లీమీటర్‌కి దగ్గర పడిందంటే మార్చేసి బయల్దేరండి. మరోటి, తడిసిన డిస్క్ మొదటి సారి సరిగ్గా పట్టదు, పెద్ద దిగుడు వచ్చే ముందు బ్రేకులు కొంచెం ఆనించి ఉంచి నాలుగు గజాలు తొక్కితే ఆరిపోతుంది.

సస్పెన్షన్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. చలికి లోపల ఆయిల్ చిక్కబడి రీబౌండ్, అంటే నొక్కుకున్నాక మళ్లీ పైకి లేవడం, నెమ్మదిస్తుంది, రీబౌండ్ నాబ్ ఒకటి రెండు క్లిక్కులు వదులు చేస్తే చాలు, గాలి షాక్ అయితే పైన టైర్లకి చెప్పిందే దీనికీ, చల్లటి చోటే శాగ్ (మనం ఎక్కి కూర్చుంటే అది ఎంత కిందకి దిగుతుందో) చూసుకోవాలి.

ఇప్పుడు అసలు సబ్జెక్ట్, ఆకుల్ని చదవడం. అన్ని ఆకులూ ఒకటి కాదు. నిన్నా మొన్నా రాలిన ఎండుటాకులు కరకరమంటాయి, అవి పెద్ద ప్రమాదం కాదు, చెదిరిపోతాయి. భయపడాల్సింది చప్పుడు చేయని ఆకులకి. వాన పడ్డాక మూడు రోజులు ఎండ కాసినా పై పొరే ఎండుతుంది, కింద పొరలు ఒకదానికొకటి అతుక్కుని మధ్యలో తడి పట్టుకుని ఉంటాయి, టైరు వాటి మీదకెక్కితే ఆకు మీద ఆకు జారుతుంది, తడిపిన పేకముక్కల కట్ట మీద కాలేసినట్టు. ఇంకొన్ని వారాలు పోతే కుళ్లి నల్లటి జిగురవుతుంది, అది సబ్బే. అందుకే చెవులు తెరిచి పెట్టుకోండి, ఇయర్‌ఫోన్స్ తీసేయండి, కరకర తగ్గి మెత్తగా చప్ చప్ మని వినపడటం మొదలైందంటే వెంటనే వేళ్లు బ్రేకుల మీంచి తీసేసి సైకిల్‌ని నిటారుగా పెట్టేయాలి. చెట్టుని బట్టీ తేడా ఉంటుంది. ఓక్ చెట్ల కింద కాయలుంటాయి, బీచ్ చెట్ల కింద గింజలుంటాయి, గట్టి నేల మీద అవి గోళీల్లా దొర్లుతాయి, వంపులో వాటి మీదకెళ్తే తడి లేకపోయినా జారతాం. పైన్ సూదులు చూడ్డానికి మెత్తటి పరుపులా ఉంటాయి, తిన్నగా పోతే హాయి, ఏటవాలు మీద మాత్రం మొత్తం పరుపుతో సహా జరిగిపోతాం.

దారి మధ్యలో పలచగా, నల్లగా, పొడిపొడిగా నలిగిన గీత ఒకటి కనపడుతుంది చూడండి, అది మీకంటే ముందెళ్లిన చక్రాలు చేసిన గీత, కింద ఏముందో వాళ్లు టెస్ట్ చేసి పెట్టారన్నమాట, దాన్ని వదలొద్దు. ఆకులు గుట్టగా కనపడితే అక్కడ గుంట ఉందనే అనుకోండి, గాలి ఆకుల్ని తీసుకెళ్లి పల్లంలోనే నింపుతుంది, పైనుంచి చూస్తే సాపుగా ఉంటుంది. గుట్ట దాటక తప్పదంటే పెడల్స్ రెండూ సమానంగా పెట్టి, నడుం కొంచెం వెనక్కి తోసి, ముందు చక్రం తేలిగ్గా పెట్టుకుని పోవాలి, గుంట ఉన్నా బోల్తా కొట్టరు.

వేర్ల దగ్గర ఒకే సూత్రం, అడ్డంగా ఉన్నదాన్ని నిలువునా కొట్టాలి. అంటే వేరుకీ చక్రానికీ మధ్య లంబకోణం. ఏటవాలుగా పడున్న వేరు, అదీ బెరడు ఊడిపోయి తెల్లగా నున్నగా అయినది, తడిస్తే గాజే. దాని ముందు రెండు గజాల్లో కాస్త పక్కకెళ్లి తిరిగొచ్చి లంబంగా దాటడానికి చోటుంటే అలా చేయండి, లేదంటే ముందు చక్రం ఎత్తి అవతల పెట్టండి, వెనకది దాని చావు అది చస్తుంది, కొంచెం తన్నుకుంటుంది అంతే. ఎక్కువ మంది పడేది వేరుని చూసి భయపడి సరిగ్గా దాని మీదే బ్రేక్ పట్టడం వల్ల, నా భుజం కథ కూడా అదే. చెక్క వంతెనలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, ఎక్కే ముందే తిన్నగా అయిపోయి, దిగేదాకా బ్రేకూ వద్దు తిప్పడమూ వద్దు, పొద్దున్నే అయితే చెక్క మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది, దిగి నడిపించుకుంటూ పోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

వంపుల్లో ఎండాకాలం స్టైల్ మర్చిపోండి. సైకిల్‌ని బాగా వాల్చి గుబ్బల అంచు మీద తిప్పడం గట్టి నేల మీద సూపర్‌గా పని చేస్తుంది గానీ ఆకుల మీద అంచుకి పట్టుకోడానికేమీ దొరకదు. ముందే స్పీడ్ బాగా తగ్గించేసి, వంపుని వెడల్పుగా తీసుకుని, బయటి కాలు కిందకి నొక్కి, సైకిల్ తక్కువ వాల్చి పోవాలి. చూపు వంపు అవతల ఉండాలి, చక్రం ముందున్న ఆకుల్ని చూస్తూ కూర్చుంటే అందులోకే పోతాం. మరీ డౌట్‌గా ఉంటే లోపలి కాలు పెడల్ మీంచి తీసి నేలకి దగ్గరగా పట్టుకోండి, చూసేవాళ్లకి నేర్చుకుంటున్నవాడిలా కనపడతారు, పర్లేదు. పెడల్‌కి అతుక్కునే క్లిప్ బూట్లు వాడేవాళ్లు ఈ సీజన్‌కి ఫ్లాట్ పెడల్స్ వేసుకుంటే మంచిదని నా అభిప్రాయం, దీని మీద వాదన ఎప్పటికీ తెగదు, నేను దిగను.

ఎక్కుడు ఇంకో తలనొప్పి. వెనక చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది, మనం కదలం. అందరూ అన్నిటికంటే తేలిక గేర్ వేసేస్తారు, దాంతో ప్రతి తొక్కుకీ చక్రం మీద ఒక్కసారిగా బలం పడి ఇంకా తిరుగుతుంది. దానికంటే ఒకటి బరువు గేర్ వేసి, నిలబడకుండా సీటు ముక్కు మీద కూర్చుని, ఛాతీ కిందకి దించి, మోచేతులు వంచి, బియ్యం రుబ్బినట్టు ఒకే లెక్కన తిప్పాలి. చక్రం జారడం మొదలైందా, ఇంకా గట్టిగా తొక్కాలనిపిస్తుంది, అదే చేయకూడదు, అర చుట్టు సేపు బలం తగ్గిస్తే టైరు మళ్లీ పట్టుకుంటుంది. ఆగిపోతే ఆకుల మీంచి మళ్లీ స్టార్ట్ చేయడం దాదాపు అవదు, బూటుతో రెండడుగుల మేర ఆకులు పక్కకి తోసి, మట్టి తేలాక, నిటారుగా కాకుండా దారికి కాస్త ఐమూలగా పెట్టి మొదలుపెట్టండి.

ఇక పుల్లలు. ఇది ఎవరూ చెప్పరు, అందుకే కాస్త సాగదీసి చెప్తా. ఆకులతో పాటు ఎండు కొమ్మలు కూడా రాలతాయి, కనపడవు, వేలంత లావు పుల్ల ఒకటి చక్రం లేపగానే వెళ్లి వెనక డిరైలర్‌కీ (చైన్‌ని జరిపి గేర్ మార్చే భాగం) స్పోకులకీ మధ్య దూరుతుంది. మొదట టక్ టక్ మని చప్పుడొస్తుంది. నాకు వచ్చింది, ఏదో పుల్లలే అదే పోతుందిలే అని ఇంకో రెండు చుట్లు తొక్కా, మూడో చుట్టుకి ఫట్‌మని హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) విరిగి, డిరైలర్ మొత్తం వెళ్లి చక్రంలో చుట్టుకుపోయింది. ఆరు కిలోమీటర్లు, చీకటి పడుతుండగా, తోసుకుంటూ వచ్చా. చైన్ కట్టర్ ఉండుంటే చైన్ పొట్టి చేసి ఒకే గేర్‌తో బయటపడేవాణ్ణి, నాది వెనక సస్పెన్షన్ లేని సైకిల్, వెనక సస్పెన్షన్ ఉన్నవాటిల్లో అది కదిలినప్పుడల్లా చైన్ లాగుతుంది కాబట్టి ఈ ట్రిక్ అంత బాగా పని చేయదు. కాబట్టి చప్పుడు వినపడిన మరుక్షణం తొక్కడం ఆపేయండి, దిగి, పెడల్‌ని వెనక్కి తిప్పి, పుల్ల చేత్తో లాగేయండి, ముప్పై సెకన్ల పని. హ్యాంగర్ ఒకటి ఎక్స్‌ట్రా బ్యాగులో ఉండాలి, ఫ్రేమ్‌ని బట్టి మారుతుంది కాబట్టి మీ ఫ్రేమ్‌కి సరిపోయేదే కొనాలి. 2019లో సైకిల్ విడిభాగాలు చేసే శ్రామ్ కంపెనీ వాళ్లు యూడీహెచ్ అని అందరికీ ఒకే హ్యాంగర్ తెచ్చాక కొత్త సైకిళ్లలో చాలావాటికి అదే సరిపోతోంది, పాతవాటికి మాత్రం వెతుక్కోవాల్సిందే. దాంతో పాటు చైన్ కట్టర్, మీ చైన్‌కి సరిపోయే క్విక్ లింకులు (తెగిన చైన్‌ని కలిపేవి) రెండు, పంపు, ట్యూబ్, టైరు చిరిగితే లోపల పెట్టుకోడానికి ఏదైనా గట్టి ముక్క.

టైమ్ గురించి మొండిగా ఉండండి. పగలు తగ్గిపోతూ ఉంటుంది, పైగా చెట్ల కింద సూర్యాస్తమయానికి చాలా ముందే చీకటి మొదలవుతుంది, ఆకుల కింద వేర్లు వెలుతురులోనే కనపడవు, చీకట్లో చెప్పేదేముంది. బయల్దేరే ముందే ఫలానా టైమ్‌కి ఎక్కడున్నా వెనక్కి తిరుగుతా అని ఒకటి అనుకుని దానికే కట్టుబడండి. వెళ్లాల్సిన టైమ్ మాత్రం పొద్దున్నే కాదు, మంచు తడి ఆరాక, పదకొండు నుంచి మూడు మధ్యలో బెస్ట్. సూర్యుడు కిందగా ఉండి చెట్ల సందుల్లోంచి వెలుగూ నీడా టపటపా మారుతూ కళ్లలో కొడుతుంటుంది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే నీడలో ఏమీ కనపడదు, తెల్లవో లేత గులాబీ రంగువో పెట్టుకోండి. హెల్మెట్ మీద ఒక లైట్, హ్యాండిల్ మీద ఒకటి, వాడే ఉద్దేశం లేకపోయినా ఉంచండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆకులు పరుచుకుంటే దారి ఏదో అడవి ఏదో తెలీదు, ఒక్కోసారి నేల చూడ్డం మానేసి తలెత్తి చెట్ల మధ్య ఖాళీ ఎటు పోతోందో చూస్తే దారి దొరుకుతుంది.

బట్టలు పొరలుపొరలుగా, కాటన్ అస్సలొద్దు, చెమటకి తడిసి ఆరదు, దిగుడులో ఐస్‌లా అయిపోతుంది. బయల్దేరినప్పుడు కొంచెం చలేస్తుంటే కరెక్ట్‌గా వేసుకున్నట్టు, పది నిమిషాల ఎక్కుడులో సరిపోతుంది. ఎక్కుడు చివర ఆగి, చెమట ఆరకముందే జాకెట్ వేసుకుని అప్పుడు దిగాలి. ఫుల్ గ్లవ్స్ రెండు జతలు, రెండోది పొడిగా కవర్లో చుట్టి. వేళ్లు బిగుసుకుపోతే బ్రేక్ ఎంత పట్టామో తెలీదు, అప్పుడు పైన చెప్పిన సుతారమంతా గాలికి పోయినట్టే. చాలా దేశాల్లో ఇది వేట సీజన్ కూడా, గోధుమరంగు జాకెట్‌తో పొదల్లోంచి దూసుకురావడం అంత తెలివైన పని కాదు, మెరిసే నారింజ రంగు వేసుకోండి. నీళ్లు కూడా గుర్తు పెట్టుకుని తాగాలి, చలిలో దాహం తెలీదు.

దారి గ్రేడ్ (కష్టాన్ని బట్టి దారికిచ్చే రంగు, బ్లూ కంటే రెడ్, రెడ్ కంటే బ్లాక్ కష్టం) విషయంలో నా లెక్క, ఎండాకాలంలో మీకు కంఫర్ట్‌గా ఉన్న గ్రేడ్ కంటే ఒకటి కిందది ఎంచుకోండి. బ్లాక్ గ్రేడ్ బాగానే దిగేవాళ్లకి ఈ సీజన్‌లో రెడ్డే బ్లాక్ అవుతుంది, రెడ్ గ్రేడ్ లేని దేశాల్లో బ్లూ. మొదటి సారి మొత్తం నెమ్మదిగా తొక్కి, భయపెట్టే చోట దిగి, బూటుతో ఆకులు కదిపి కింద చూడండి, రెండోసారి తొక్కండి. ఆకులన్నీ ఊడ్చేద్దాం అనే సరదా పుడుతుంది కొందరికి, దారిని చూసుకునేవాళ్లని అడక్కుండా చేయొద్దు, కొన్ని చోట్ల వానకి మట్టి కొట్టుకుపోకుండా ఆ ఆకులే ఆపుతుంటాయి. చక్రం దిగబడి వెనక లోతు చాలు పడుతోందంటే ఆ రోజుకి ఆ దారి వద్దు, వెనక్కి వచ్చేయండి. నీటి గుంట వస్తే పక్కనుంచి కాదు, మధ్యలోంచే పోవాలి, పక్కనుంచి పోతే ఏడాదికేడాది దారి వెడల్పైపోతుంది. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారివ్వాలి, నడిచేవాళ్లకి అందరూ ఇవ్వాలి, ఆకుల మీద సడెన్‌గా ఆగలేరు కాబట్టి బెల్ ముందే కొట్టండి.

ఒంటరిగా వెళ్తుంటే ఏ దారి, ఎన్నింటికి వస్తారు అని ఎవరికైనా చెప్పి వెళ్లండి. విజిల్ ఒకటి బ్యాగ్ పట్టీకి కట్టుకోండి, కొండల్లో సాయం కోసం నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదడం పద్ధతి, విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. పడితే వెంటనే లేవకండి, ఒక నిమిషం అలాగే ఉండి భుజాలు, మణికట్లు కదిపి చూసుకోండి. తలకి దెబ్బ తగిలితే ఏమీ కాలేదనిపించినా రైడ్ అక్కడితో సరి, హెల్మెట్ కూడా మార్చాల్సిందే. వెండి రంగు ఎమర్జెన్సీ దుప్పటి అరచేతిలో పట్టేంతే ఉంటుంది, చెమటతో తడిసి కదలకుండా పడున్నవాడిని ఈ చలిలో దెబ్బ కంటే ముందు చలే దెబ్బతీస్తుంది.

ఇంటికొచ్చాక ముందు మీరు, తర్వాత సైకిల్. మోకాళ్ల వెనక, చంకల్లో, నడుం దగ్గర గోమార్లు ఉన్నాయేమో చూసుకోండి, చలి మొదలైంది కదా ఉండవులే అనుకుంటారు, ఈ సీజన్‌లో కూడా బాగానే తిరుగుతాయి, ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి. సైకిల్‌ని మామూలు పైపుతో కడగండి, ప్రెషర్ వాషర్ బేరింగుల మీదకి కొడితే లోపల గ్రీజు కాస్తా పోతుంది. డిరైలర్ చిన్న చక్రాల్లో చుట్టుకున్న ఆకు కాడలు, గడ్డి చేత్తో తీయాలి, నీళ్లకి రావు. చైన్ తుడిచి, ఆరాక, తడి సీజన్ ఆయిల్ లింకుకో చుక్క వేసి మిగిలింది తుడిచేయండి. తడి గ్లవ్స్ మాత్రం బ్యాగులోంచి ఈ రోజే తీయండి, వచ్చే వారం జిప్ తీసినప్పుడు ఆ వాసన ఎలా ఉంటుందో నేను రెండుసార్లు చూశా.